నదిమట్టం రీడింగుల కాలశ్రేణి: అంకె పక్కన ఏమి ఉండాలి?

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు చేరితే రెండవది, 53 అడుగులకు చేరితే మూడవది జారీ చేస్తారు. సిరొంచ నుంచి యానాం వరకు నది ఒడ్డున ఉన్న తెలుగు కుటుంబాలలో ఈ మూడు అంకెలూ ఎరుగనివారు అరుదు. అయితే కేంద్ర జల సంఘం అదే భద్రాచలం కేంద్రానికి చూపే హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు. 43 అడుగులను మీటర్లలోకి మారిస్తే 13.11 మాత్రమే వస్తుంది. మరి మిగిలిన 32 మీటర్లకు పైబడిన నీరు ఎక్కడిది?

నీరు ఒక్కటే, కొలత మొదలయ్యే చోటు వేరు. అడుగుల లెక్క స్థానిక గేజి సున్నా నుంచి మొదలవుతుంది. మీటర్ల లెక్క సగటు సముద్ర మట్టం నుంచి మొదలవుతుంది. 45.72 మీటర్లంటే 150 అడుగులు; అందులోంచి 43 తీసివేస్తే 107. 48.77 మీటర్లంటే 160 అడుగులు. అందులోంచి 53 తీసివేసినా 107. అనగా భద్రాచలం గేజి సున్నా సముద్ర మట్టానికి 107 అడుగుల ఎత్తున ఉన్నదని తేలుతుంది. 1986 ఆగస్టు వరదలో నమోదైన 75.6 అడుగులకు ఈ 107 కలిపి మీటర్లలోకి మారిస్తే 55.66 వస్తుంది. కేంద్రం పట్టికలలో అత్యధిక వరద మట్టంగా కనిపించే అంకె అదే.

నదులను, చెరువులను, బోరుబావులను సెన్సర్ల ద్వారా గమనించే కంప్యూటర్ వ్యవస్థలు నేడు చాలా రాష్ట్రాలలో ఉన్నాయి. ఆ వ్యవస్థకు ఈ 107 సంగతి తెలియకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. స్థానిక అడుగులను నేరుగా మీటర్లుగా మార్చి 45.72తో పోల్చే ప్రోగ్రాముకు 1986 నాటి వరద కూడా 23.04 మీటర్లే, అది ఏనాటికీ హెచ్చరిక ఇవ్వదు. సముద్ర మట్టపు లెక్కను అడుగులుగా మార్చి 53తో పోల్చే ప్రోగ్రాము వేసవిలో ఇసుక మేటలు తేలిన గోదావరికి కూడా మూడవ హెచ్చరిక మోగిస్తుంది. రెండింటిలోనూ సెన్సర్ తప్పు లేదు, లెక్కల తప్పూ లేదు. అంకె పక్కన ఉండవలసిన సమాచారం లేకపోవడమే తప్పు.

కాలశ్రేణి అంటే

ఒకే చోట, ఒకే విషయాన్ని, వరుసగా వేర్వేరు సమయాలలో కొలిచి రాసిన అంకెల వరుసను కాలశ్రేణి అంటారు. ఆనకట్ట గుమాస్తా రోజూ ఉదయం 8 గంటలకు పుస్తకంలో రాసే నీటిమట్టం కాలశ్రేణే. రేషను దుకాణపు నిల్వ పుస్తకం కూడా ఒక విధంగా కాలశ్రేణే. సెన్సర్ రాకతో మారినది వేగం మాత్రమే. నీటిపై రాడార్ తరంగాన్ని పంపి దూరాన్ని కొలిచే పరికరం, లేదా నీటి అడుగున ఉండి ఒత్తిడిని కొలిచే పరికరం 15 నిమిషాలకు ఒకసారి రీడింగు ఇస్తే రోజుకు 96, సంవత్సరానికి 35,040 రీడింగులు వస్తాయి. అటువంటి కేంద్రాలు 100 ఉండి, ఒక్కొక్కటి నీటిమట్టం, వర్షపాతం, బ్యాటరీ వోల్టేజి అనే మూడు విషయాలు పంపితే ఏడాదికి 1 కోటి 5 లక్షల 12 వేల వరుసలు పోగుపడతాయి. పుస్తకంలో ఒక పుట తప్పితే గుమాస్తాకు జ్ఞాపకం ఉంటుంది. కోటి వరుసలలో ఏది ఎందుకు అలా ఉన్నదో జ్ఞాపకం ఉంచుకోగలవారు లేరు. అందుచేత జ్ఞాపకం ఉండవలసినదంతా వరుసలోనే ఉండాలి.

పట్టికను రెండు విధాలుగా కట్టవచ్చు. మొదటిది వెడల్పు పట్టిక: ఎడమవైపు సమయం, దాని పక్కన ఒక్కొక్క సెన్సరుకు ఒక్కొక్క గడి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కాగితంపై అచ్చు వేయడానికీ బాగుంటుంది. కానీ కొత్త సెన్సర్ చేరిన ప్రతిసారీ పట్టికకు కొత్త గడి కట్టాలి. ఒక కేంద్రం 15 నిమిషాలకు, మరొకటి గంటకు పంపితే రెండవదాని గడులలో నాలుగింట మూడు వంతులు ఖాళీగా మిగులుతాయి. ఏ గడిలోని అంకె నమ్మదగినదో గుర్తు పెట్టడానికి చోటు ఉండదు.

రెండవది పొడవు పట్టిక. ఇందులో ఒక రీడింగుకు ఒక వరుస. ఏ కేంద్రం, ఏ విషయం, ఏ సమయం, ఎంత, ఎంత నమ్మదగినది అనే అయిదు గడులు ప్రతి వరుసలోనూ ఉంటాయి. వరుసలు పెరుగుతాయి తప్ప పట్టిక ఆకారం మారదు. పర్యవేక్షణ వ్యవస్థకు ఇదే తగినది. జనం చూసే తెరపై వెడల్పు పట్టిక కావాలంటే దీని నుంచి క్షణంలో తయారు చేసుకోవచ్చు. ఖాళీలతో, గుర్తులు లేకుండా నిండిన వెడల్పు పట్టికను తిరిగి పొడవు పట్టికగా విడదీయడం మాత్రం సులభం కాదు.

కేంద్రం పేరు, కేంద్రం సంఖ్య

పొడవు పట్టికలో ప్రతి వరుసకూ కేంద్రం పేరు, అక్షాంశ రేఖాంశాలు, గేజి సున్నా, హెచ్చరిక మట్టాలు అన్నీ రాయనవసరం లేదు. అవి కేంద్రాల పట్టిక అనే వేరొక చోట ఉంటాయి. రీడింగుల వరుసలో కేంద్రం సంఖ్య మాత్రం ఉంటే చాలు.

ఆ సంఖ్యను ఎలా పెట్టాలన్నది సరిహద్దు ప్రాంతాలలో చిన్న విషయం కాదు. జిల్లా పేరును, రాష్ట్రం పేరును కలిపి సంఖ్యలు కట్టడం ఆఫీసులకు అలవాటు. హోసపేట పేరును కర్ణాటక ప్రభుత్వం 2014లో అధికారికంగా హొసపేటెగా మార్చింది. 2021లో ఆ ఊరు బళ్లారి జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన విజయనగర జిల్లాలోకి వెళ్లింది. శబరి గోదావరిలో కలిసే కూనవరం 2014కు ముందు ఖమ్మం జిల్లా. 2014లో తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. నది కదలలేదు, గేజి కదలలేదు, జిల్లా మాత్రం మారింది. జిల్లా పేరుతో కట్టిన సంఖ్య అయితే మారిన ప్రతిసారీ పాత రీడింగులు ఒక కేంద్రంవి, కొత్తవి మరొక కేంద్రంవి అయిపోతాయి. ముప్పై ఏళ్ల వరుస ముక్కలవుతుంది. కనుక సంఖ్యకు ఎటువంటి అర్థమూ ఉండకూడదు. పేరు, జిల్లా, రాష్ట్రం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతాయో కేంద్రాల పట్టికలో రాసుకోవాలి. పర్లాకిమిడిని తెలుగులో ఒకలా, ఒడియాలో మరొకలా రాస్తారు గనుక పేర్లకు వేరే పట్టిక ఉంచి, ఒకే సంఖ్యకు మూడు నాలుగు పేర్లు కట్టడం ఉత్తమం.

గేజి సున్నాకూ ఇదే నియమం. వరదలో గేజి స్తంభం కొట్టుకుపోయి, కొత్తది ఒక అడుగు పైకో కిందికో పాతినప్పుడు, పాత రీడింగులకు పాత సున్నా, కొత్త వాటికి కొత్త సున్నా వర్తించాలి. తేదీలు లేకుండా సున్నాను ఒకే గడిలో ఉంచి దానిపైనే దిద్దితే, గతమంతా ఒక్క క్షణంలో తప్పుడు లెక్క అవుతుంది. హెచ్చరిక మట్టాలనూ ప్రోగ్రాములో రాయకూడదు, కేంద్రాల పట్టికలోనే ఉంచాలి. ధవళేశ్వరం బ్యారేజి వద్ద మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలం అంకెలకూ వీటికీ పోలిక లేదు. "మొదటి హెచ్చరిక" అనే మాట ఒక్కటే ఉమ్మడి.

సమయం: అన్నిటికన్నా ఎక్కువ చిక్కులు ఇక్కడే

భారతదేశమంతటికీ ఒకే సమయం కావడం ఈ పనిలో ఒక అదృష్టం. సరిహద్దు దాటినంత మాత్రాన గడియారం మారదు. అయినా చిక్కులు తప్పలేదు. వాతావరణ శాస్త్రంలో అంతర్జాతీయ సమయం వాడటం ఆనవాయితీ. భారత సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. సెన్సర్ అంతర్జాతీయ సమయంలో 2:30 అని పంపితే అది మన ఉదయం 8 గంటలు. సమయం పక్కన అది ఏ సమయమో రాయకపోతే, ఉదయం 8 గంటలకు వచ్చిన గరిష్ఠ మట్టం తెరపై తెల్లవారుజామున 2:30కు వచ్చినట్టు కనిపిస్తుంది. ఎగువ కేంద్రం ఒక సమయంలో, దిగువ కేంద్రం మరొక సమయంలో నమోదైతే ఇంకా విచిత్రం జరుగుతుంది: వరద దిగువకు ముందుగా చేరి, తరువాత ఎగువకు వెళ్లినట్టు గీత వస్తుంది. నిల్వ అంతా అంతర్జాతీయ సమయంలో ఉంచి, చూపేటప్పుడు మాత్రమే +05:30 కలిపే పద్ధతి సురక్షితమైనది.

వర్షపాతానికి వేరొక చిక్కు ఉన్నది. భారత వాతావరణ శాఖ లెక్కలో రోజు వర్షపాతం అంటే ఉదయం 8:30తో ముగిసే 24 గంటల వాన. 16వ తేదీ ఉదయం నమోదైన వానలో ఎక్కువ భాగం 15వ తేదీన కురిసినదే. దీనిని అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు లెక్కించిన నదిమట్టం పక్కన పెడితే, ఏరు ముందు పొంగి, వాన తరువాత కురిసినట్టు కనిపిస్తుంది. అందుచేత ఒక క్షణానికి చెందిన కొలత ఏదో, ఒక వ్యవధికి చెందిన కొలత ఏదో వేరు చేసి రాయాలి. నీటిమట్టం క్షణానికి చెందినది. వాన వ్యవధికి చెందినది. దానికి ఆరంభం, ముగింపు రెండూ కావాలి, లేదా రాసిన సమయం వ్యవధి ముగింపా ఆరంభమా అన్నది స్పష్టంగా ఉండాలి.

మరొక జాగ్రత్త ప్రాణాలతో ముడిపడినది. ప్రతి రీడింగుకూ రెండు సమయాలు ఉంటాయి: సెన్సర్ కొలిచిన సమయం, అది కేంద్ర కార్యాలయానికి అందిన సమయం. వరదరాత్రి కరెంటు పోతుంది, సెల్ టవర్ ఆగుతుంది. సెన్సర్ పక్కనున్న పెట్టె రీడింగులను తనలో దాచుకుని, సంబంధం తిరిగి రాగానే అన్నిటినీ ఒక్కసారిగా పంపుతుంది. అందిన సమయాన్నే కొలిచిన సమయంగా రాసుకునే వ్యవస్థలో, ఆరు గంటలపాటు మెల్లగా పెరిగిన నీరు ఒక్క నిమిషంలో గోడలా లేచినట్టు నమోదవుతుంది. తరువాతి సంవత్సరం ఆ లెక్క చూసి వరద ప్రయాణ కాలాన్ని అంచనా కట్టేవారు ఘోరంగా మోసపోతారు. రెండు సమయాలనూ రెండు గడులలో ఉంచితే, రీడింగు ఎంత ఆలస్యంగా అందినదో కూడా తెలుస్తుంది. అదే రీడింగు రెండుసార్లు వస్తే రెండు వరుసలు పడకుండా, కేంద్రం, విషయం, కొలిచిన సమయం అనే మూడింటినీ కలిపి ఒకే తాళంగా పెట్టాలి.

లేని రీడింగు

సెన్సర్ చెడిపోయినప్పుడు ఏమి రాయాలి? కొందరు సున్నా రాస్తారు. వర్షపాతంలో సున్నా అంటే వాన లేదని అర్థం. అది నిజమైన రీడింగు. పరికరం పనిచేయలేదనడానికీ సున్నాయే రాస్తే, కుంభవృష్టి కురిసిన రోజు లెక్కలో ఎండ కాసినట్టవుతుంది. మరికొన్ని పరికరాలు -999 అని పంపుతాయి. మూడు రీడింగులు 40 చొప్పున ఉండి, నాలుగవది -999 అయితే సగటు -219.75. ఇంతటి వింత అంకెను ఎవరైనా గుర్తిస్తారు. రోజులోని 96 రీడింగులలో ఒక్కటి అలా ఉంటే సగటు 29 దగ్గరకు దిగి నమ్మదగినదిగానే కనిపిస్తుంది, అపాయం అక్కడే. ఇంకొందరు చివరిగా వచ్చిన రీడింగునే కొత్తది వచ్చేవరకు కొనసాగిస్తారు. వరద సమయంలో ఇది అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పెరుగుతున్న నది తెరపై నిలకడగా కనిపిస్తుంది, ఊరివారు నిద్రపోతారు.

రీడింగు లేకపోతే విలువ గడి ఖాళీగానే ఉండాలి. ఎందుకు లేదో పక్క గడిలో గుర్తు ఉండాలి: సెన్సర్ చెడినది, సంబంధం తెగినది, మరమ్మతు జరుగుతున్నది అని. పటంలో గీత అక్కడ తెగాలి. తెగిన గీతను కలిపి అందంగా చూపే వ్యవస్థ చూపరిని మభ్యపెడుతున్నట్టే.

పందొమ్మిదవ గేటు

తప్పుడు రీడింగులను ఏరివేయడానికి కొన్ని పరీక్షలు ఉన్నాయి. ఆ చోట సాధ్యమయ్యే హద్దులలో అంకె ఉన్నదా? గంటల తరబడి పాయింటు కూడా కదలకుండా ఒకే అంకె వస్తున్నదా? 15 నిమిషాలలో నమ్మశక్యం కానంత మార్పు వచ్చినదా? సాలెగూడు రాడార్‌కు అడ్డుపడినా, చెత్త పేరుకున్నా ఈ పరీక్షలు పట్టుకుంటాయి.

అయితే పరీక్షలో తప్పిన రీడింగును చెరిపివేయవచ్చునా? 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. జలాశయం దాదాపు నిండి ఉన్న సమయమది. పూర్తి నీటిమట్టం 1,633 అడుగులు. 33 గేట్లు గల ఆనకట్టలో ఒక గేటు లేకుండా పోవడంతో నీరు ఎవరి ఆజ్ఞా లేకుండా దిగువకు దూకింది. గేటుపై ఒత్తిడి తగ్గించడానికి మిగిలిన గేట్లనూ ఎత్తారు. బళ్లారి, రాయచూరు, కర్నూలు జిల్లాల తీర గ్రామాలు అప్రమత్తమయ్యాయి. ఇటువంటి ఘటన సెన్సర్ లెక్కలో ఎలా కనిపిస్తుంది? అకస్మాత్తుగా, నమ్మశక్యం కానంత పెద్ద మార్పుగా. అనగా పరీక్ష దేనిని దోషమని పట్టుకుంటుందో, సరిగ్గా అదే ఆకారంలో.

అందువల్ల యంత్రం చేయవలసినది అనుమానపు గుర్తు పెట్టడం మాత్రమే. "మంచిది", "అనుమానాస్పదం", "మనిషి పరిశీలించి ఒప్పుకున్నది", "తిరస్కరించినది" అనే నాలుగు గుర్తులు చాలు. అనుమానాస్పదమైన పెద్ద మార్పు వస్తే అంకెను దాచకుండా, విధుల్లో ఉన్న ఇంజినీరుకు వెంటనే ఫోను వెళ్లాలి. పక్క కేంద్రంలోనూ అదే ధోరణి కనిపిస్తే అనుమానం తీరుతుంది.

సెన్సర్ పంపిన మూల రీడింగును ఎన్నడూ దిద్దకూడదన్నది దీని వెంట వచ్చే నియమం. దిద్దుబాటు అవసరమైతే దిద్దిన విలువ వేరే గడిలోనో వేరే పట్టికలోనో ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో దిద్దారో దాని పక్కన ఉండాలి. గ్రామకరణం లెక్కలలో కొట్టివేత కింద పాత అంకె కనబడేలా ఒక్క గీత మాత్రమే గీసేవారు. అదే మర్యాద ఇక్కడా. నీటి పంపకాలపై రాష్ట్రాల మధ్య తగవు వచ్చినప్పుడు మూల రీడింగు లేని దిద్దిన లెక్కను ఎదుటి రాష్ట్రం ఒప్పుకోదు.

గంటల నుంచి రోజులకు

ఏళ్ల తరబడి 15 నిమిషాల రీడింగులను ప్రతిసారీ చదవడం కంప్యూటరుకు భారం. కనుక గంటకు, రోజుకు, నెలకు సంక్షేప పట్టికలు తయారుచేసి ఉంచుతారు. కాలశ్రేణుల కోసమే రూపొందిన ఇన్‌ఫ్లక్స్‌డీబీ, పోస్ట్‌గ్రెస్ మీద పనిచేసే టైమ్‌స్కేల్‌డీబీ వంటి డేటాబేస్‌లు ఈ సంక్షేపాలను వాటంతటవే చేయగలవు. వరుసలను కాలం ప్రకారం ముక్కలుగా విడదీసి ఉంచుతాయి గనుక నిన్నటి రీడింగు కోసం పదేళ్ల లెక్కను తిరగవేయనవసరం ఉండదు. చిన్న వ్యవస్థకు మామూలు డేటాబేస్ కూడా చాలు.

ఏ విషయాన్ని ఎలా సంక్షేపించాలన్నదే తెలివి అవసరమైన చోటు. వానను కూడాలి. ప్రవాహానికి సగటు తీయాలి. ఒక రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది గనుక ఆ సగటు నుంచి పరిమాణం వస్తుంది. నదిమట్టానికి మాత్రం సగటు పనికిరాదు. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. కరకట్టకు, కాలనీలకు ఆ రోజు సగటుతో పనిలేదు, గరిష్ఠంతో పని. కనుక రోజు వరుసలో గరిష్ఠం, అది వచ్చిన సమయం, కనిష్ఠం, ఎన్ని రీడింగులు ఆధారమో ఆ సంఖ్య ఉండాలి. 96కు గాను 20 మాత్రమే అందిన రోజున వచ్చే గరిష్ఠం అసలు గరిష్ఠం కాకపోవచ్చు.

వాన లెక్కలో మరొక మెలిక. చాలా వర్షమాపకాలలో తక్కెడలా ఊగే చిన్న తొట్టి ఉంటుంది, 0.2 లేదా 0.5 మిల్లీమీటర్ల వాన నిండగానే ఒరిగి ఖాళీ అవుతుంది, యంత్రం ఒకటి లెక్కపెడుతుంది. కొన్ని యంత్రాలు మొత్తం లెక్కను పెంచుకుంటూ పోయి, మధ్యలో తిరిగి సున్నాకు వస్తాయి. వాటిని ఉన్నవున్నట్టు కూడితే ఊరు మునిగిపోయేంత వాన తేలుతుంది. వెనుకటి అంకెను తీసివేసి తేడా రాయాలి. తేడా రుణ సంఖ్య అయితే లెక్క తిరిగి మొదలైనదని గ్రహించాలి.

భూగర్భ జలాల విషయంలో అంకె తలకిందులవుతుంది. బోరుబావి నీటిమట్టాన్ని నేల నుంచి ఎంత లోతున ఉన్నదని కొలుస్తారు. 8 మీటర్ల నుంచి 12కు పెరిగితే నీరు పెరిగినట్టు కాదు, తగ్గినట్టు. నదిమట్టం, బావిలోతు రెండింటినీ "మట్టం" అనే ఒకే పేరుతో నమోదు చేసిన పట్టికలో కోలారు, అనంతపురం వంటి కరువు సీమలకు వరద హెచ్చరిక రావచ్చు. విషయాల పట్టికలో ప్రమాణంతో పాటు దిశ కూడా ఉండాలి. పక్క పొలంలో మోటారు నడుస్తున్నప్పుడు తీసిన రీడింగుకు ప్రత్యేక గుర్తు వేయాలి.

ఒక రాష్ట్రం లెక్క మరొక రాష్ట్రానికి అర్థం కావాలంటే ఉమ్మడి రూపం అవసరం. జల సమాచార మార్పిడికి వాటర్ఎంఎల్ 2.0 అనే అంతర్జాతీయ ప్రమాణం 2012లో వచ్చింది. 2016లో ఆమోదం పొందిన జాతీయ జలవిజ్ఞాన ప్రాజెక్టు రాష్ట్రాల టెలిమెట్రీ కేంద్రాలకు నిధులిచ్చి, వాటి లెక్కలను ఒక చోటికి చేర్చే పని చేపట్టింది.

హెచ్చరిక ఎప్పుడు మోగాలి

ఒక్క రీడింగు 43 దాటగానే మోగి, మరుక్షణం 42.9కి దిగగానే ఆగి, మళ్లీ మోగే గంటను జనం రెండవ రోజుకే పట్టించుకోరు. వరుసగా రెండు మూడు రీడింగులు హద్దు దాటితే మోగాలి. హద్దుకు కొంత దిగువకు తగ్గిన తరువాతనే ఆగాలి. రీడింగులు రావడం ఆగిపోయినప్పుడు మోగే గంట వేరుగా ఉండాలి. వరదలో మొదట మునిగేది చాలాసార్లు సెన్సరే. ఫోనులో నీటిమట్టం చూసే కుటుంబం అంకెకన్నా ముందు దాని పక్కనున్న గంట, తేదీ చూడాలి. సమయం లేకుండా అంకె మాత్రమే తిరిగే సందేశాలు వరద రోజుల్లో కొల్లలు. వాటిలో కొన్ని నిరుడివి.

మట్టం, ప్రవాహం రెండింటినీ వేర్వేరుగా ఉంచవలసిన అవసరం కుంట, మోటు ప్రాంతాలవారికి తెలిసినదే. సెన్సర్ కొలిచేది సాధారణంగా మట్టాన్ని మాత్రమే. ఇంత మట్టానికి ఇన్ని క్యూసెక్కులన్న పట్టిక నుంచి ప్రవాహాన్ని లెక్కగడతారు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీటికి దారి దొరకదు. ఏరు వెనక్కు ఎగదన్ని, ప్రవాహం పెరగకపోయినా మట్టం పెరుగుతుంది. అప్పుడు ఆ పట్టిక చూపే క్యూసెక్కులు వట్టి అంకెలే. కొలిచినది ఏది, లెక్కగట్టినది ఏది అన్న గుర్తు వరుసలో ఉంటే, వెనుక తన్ను నీటి రోజులలో ప్రవాహం గడిని పక్కన పెట్టి మట్టం గడిని మాత్రమే నమ్మవచ్చు.

యానాం వద్ద మరొకటి. గౌతమీ పాయ అక్కడ సముద్రానికి చేరువ. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు నీటిమట్టాన్ని ఎత్తి దించుతాయి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అనగా ఈ రోజు ఉదయం 8 గంటలకు వచ్చిన పోటు రేపు సుమారు 8:50కి వస్తుంది. రోజుకు ఒక్కసారి, ఉదయం 8 గంటలకు మాత్రమే రీడింగు తీస్తే, ప్రతిరోజూ పోటులోని వేరొక దశ చిక్కుతుంది. నది నిశ్చలంగా ఉన్నా, సుమారు 15 రోజులకు ఒకసారి నీరు పెరిగి తగ్గుతున్నట్టు లెక్కలో ఒక అల తేలుతుంది. ఆ అల నీటిలో లేదు, రీడింగు తీసే వేళలో ఉన్నది. అక్కడి గేజికి గంటకొక రీడింగైనా ఉండాలి. ధవళేశ్వరం నుంచి వదిలిన నీటిని దానితో పోల్చేవారు పోటు లెక్కను ముందుగా తీసివేసి, మిగిలిన మట్టాన్ని వేరే విషయంగా, వేరే సంఖ్యతో నమోదు చేసుకోవాలి.